ముద్దకూ ముద్దకూ నడుమ: ధ్యాసపెట్టి తినడమూ, ఒంటిమీది పరికరాలూ

కడుపు నిండిందన్న సంగతి మెదడుకు ఆలస్యంగా తెలుస్తుంది. అన్నం పడి జీర్ణాశయం గోడలు సాగినప్పుడు వేగస్ నాడి మోసుకెళ్లేది మొదటి కబురు. ఆహారం చిన్నపేగులోకి దిగాక అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లను వదులుతాయి. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ మెల్లగా తగ్గుతుంది. 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎలుకలకు కోలిసిస్టోకైనిన్ ఎక్కించి, అవి మామూలుకంటే తక్కువ తిని ఆపేయడం చూపించారు. తృప్తి మనసుకు మాత్రమే సంబంధించింది కాదని, పేగులు పంపే రసాయనాల పని కూడా అందులో ఉందని అప్పటినుంచి గట్టిపడుతూ వచ్చింది. ఇవన్నీ కూడి ‘ఇక చాలు’ అనిపించడానికి ఇరవై నిమిషాలు పడుతుందని వైద్యులు చెప్పేది మోటు లెక్కే. మనిషినిబట్టి, తిన్నదాన్నిబట్టి అది మారుతుంది. ఏడెనిమిది నిమిషాల్లో భోజనం ముగించేవారికి మాత్రం ఆ కబురు చాలావరకు చెయ్యి కడుక్కున్నాకే అందుతుంది.

వేగానికీ తిండి పరిమాణానికీ ఉన్న ఈ సంబంధాన్ని ప్రయోగాలు చాలావరకు బలపరిచాయి. 2014లో ఎరిక్ రాబిన్సన్ బృందం అప్పటివరకు జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, నెమ్మదిగా తిన్నప్పుడు లోపలికి వెళ్లే కేలరీలు తగ్గుతాయని తేలింది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం ఇంకో కోణం చూపించింది. ఇరవైమందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో అతిగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినవచ్చు. మొదటిరకం తిన్నప్పుడు వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తినే వేగమూ పెరిగింది. నమలనవసరం లేకుండా జారిపోయే తిండి నోటిని తొందరపెడుతుంది. కాబట్టి తొందరంతా తినేవాడి తప్పే అనడానికి లేదు. వేగం మీద పనిచేసే ఏ పరికరాన్ని తూచినా, ఈ సంగతిని తూకంలో వేసుకోవాల్సిందే.

వేగం ఒకటి, ధ్యాస ఇంకొకటి. రెండూ తరచు కలిసే నడుస్తాయి గాని ఒకటి కావు. టీవీ చూస్తూ గంటసేపు సాగదీసి తినేవాడు నెమ్మదిగా తిన్నట్టే. ధ్యాసతో తిన్నట్టు కాదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సుజాన్ హిగ్స్ చేసిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. మధ్యాహ్నం ఏం తిన్నారో బాగా గుర్తున్నవారు సాయంత్రం చిరుతిళ్లు తక్కువ తిన్నారు. పరధ్యానంగా తిన్నవారికి ఆ జ్ఞాపకం పలచబడింది, తర్వాతి తిండి పెరిగింది. అంటే ధ్యాస ఆ పూట తిండితో ఆగదు, తర్వాతి పూట లెక్కలోకి కూడా వస్తుంది.

ఈ రంగంలో అంకెలను కొంత జాగ్రత్తగా పట్టుకోవాలి. తెలియకుండా తినేయడం మీద 2006లో పుస్తకం రాసి లోకప్రసిద్ధుడైన కార్నెల్ ఆచార్యుడు బ్రయాన్ వాన్‌సింక్ పరిశోధనల్లో అవకతవకలు బయటపడ్డాయి. 2018 సెప్టెంబరులో జామా వైద్య పత్రికల వర్గం ఒక్కసారే ఆయన పత్రాలు ఆరింటిని ఉపసంహరించింది. చిన్న కంచం పెడితే చాలు తిండి తగ్గుతుందన్నంత సులువైన సూత్రాలు చాలామటుకు ఆ కాలంలో ప్రచారమైనవే. పరికరాల ప్రకటనల్లో అవి ఇంకా బతికే ఉన్నాయి.

తినేటప్పుడు ఒళ్లు తెలిసి తినాలన్న ఆలోచన మాత్రం పరికరాలకంటే ఎంతో పాతది. చరకసంహితలోని విమానస్థానం ఆహారవిధిని చెబుతూ మరీ తొందరగానూ మరీ నెమ్మదిగానూ తినవద్దంటుంది. మాట్లాడకుండా, నవ్వకుండా, మనసంతా అన్నం మీదే ఉంచి తినమంటుంది. కడుపులో ఒక భాగం గట్టి ఆహారానికి, ఒక భాగం ద్రవాలకు, ఒక భాగం దోషాల సంచారానికి వదలమన్న లెక్క కూడా ఆ స్థానంలోనిదే. అమెరికాలో హొరేస్ ఫ్లెచర్ (1849–1919) ప్రతి ముద్దనూ నీరయ్యేదాకా నమలాలని ఊరూరా ప్రచారం చేశాడు. కొంతకాలం అది పెద్ద వేలంవెర్రి. 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన శిక్షణలో ఒక ఎండుద్రాక్షను చూసి, తాకి, వాసన చూసి, అప్పుడు నమిలే అభ్యాసం ఉంటుంది. ఇండియానాలో జీన్ క్రిస్టెల్లర్ దాన్ని అతితిండి సమస్య ఉన్నవారి చికిత్సగా మలిచింది.

వీటన్నిటికంటే పరికరాల కథకు దగ్గరిది పాళీ వాఙ్మయంలో, సంయుత్తనికాయలో ఉంది. కోసల రాజు పసేనది రోజూ ద్రోణం కొలత బియ్యపు అన్నం తినేవాడు. ఒకనాడు అలాగే తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. ఎరుకతో ఉండి, దొరికిన అన్నంలో తన కొలత తెలిసినవాడికి బాధలు పలచబడతాయని, వయసు మెల్లగా మీద పడుతుందని అర్థం వచ్చే గాథ ఒకటి బుద్ధుడు చెప్పాడు. రాజు తన వెంట ఉన్న సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకుని తాను భోంచేసేటప్పుడల్లా చదవమన్నాడు. అందుకు రోజుకు నూరు కహాపణాలు జీతం. రాజు భోజనం క్రమంగా నాళి కొలతకు దిగింది, ఒళ్లు తేలికపడింది. ఆ ఏర్పాటులో గమనించవలసినవి చాలా ఉన్నాయి. కోరుకున్నది రాజే, ఎవరూ ఆయన మీద రుద్దలేదు. గుర్తుచేయడం సరిగ్గా భోజనం వేళ జరిగింది, ముందురోజు రాత్రో మర్నాడు పొద్దునో కాదు. చెప్పింది చిన్నమాట. సుదస్సనుడు ముద్దలు లెక్కపెట్టలేదు, రాజుకు మార్కులు వేయలేదు. ఇప్పుడు ‘సమయానికి తగిన జోక్యం’ పేరుతో ప్రవర్తనా శాస్త్రవేత్తలు ఫోన్లలో, వాచీల్లో రాబట్టాలని చూస్తున్న గుణాలు దాదాపు ఇవే.

పరికరం సుదస్సనుడి పని చేయాలంటే, మనిషి తింటున్నాడని ముందు దానికి తెలియాలి. ఇంజనీర్ల శ్రమలో ఎక్కువభాగం ఇక్కడే ఖర్చయింది. తినడానికి గుర్తులు మూడుచోట్ల దొరుకుతాయి: దవడ, గొంతు, చెయ్యి. 2005లో జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒలివర్ ఆమ్ఫ్ట్ బృందం చెవిలో మైక్ పెట్టి నమిలే చప్పుడును విశ్లేషించింది; కరకరలాడే చిప్స్‌కూ మెత్తటి తిండికీ చప్పుడు వేరుగా ఉంటుంది. అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ సజోనోవ్ చెవి కింద అతికించే సెన్సర్‌తో దవడ కదలికను పట్టాడు. తర్వాతి రూపంలో అది కెమెరాతో సహా కళ్లజోడు మీదికి ఎక్కింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నబీల్ అల్‌షురాఫా బృందం అదే పనికి మెడలో వేసుకునే గొలుసు తయారుచేసింది. ఇవన్నీ ప్రయోగశాలలో బాగానే పనిచేశాయి. చెవి కింద సెన్సర్ అతికించుకుని పెళ్లి భోజనానికి వెళ్లేవాడు ఎవరన్న ప్రశ్నకు ప్రయోగశాల జవాబు చెప్పదు.

అందుకే చివరికి అందరి చూపూ మణికట్టు మీదికి వచ్చింది; వాచీ ఎలాగూ అక్కడ ఉంది. సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరు ఆడమ్ హూవర్, మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ మ్యూత్ కలిసి ఒక సంగతి గమనించారు. చెయ్యి నోటి దగ్గరికి వచ్చేటప్పుడు మణికట్టు ఒకవైపు తిరుగుతుంది. తిండి నోట్లో పడ్డాక రెండోవైపు తిరుగుతుంది. గైరోస్కోపుతో ఈ రెండు తిరుగుళ్లనూ పట్టి, వాటి మధ్య కనీసం ఎంత వ్యవధి ఉండాలో, మరో ముద్దకు ముందు ఎంత విరామం ఉండాలో నియమం పెడితే ముద్దలను లెక్కపెట్టవచ్చు. 2012లో ప్రచురించిన ఫలితాల్లో, కట్టుదిట్టమైన పరిస్థితుల్లో 94 శాతం, స్వేచ్ఛగా తిన్నప్పుడు 86 శాతం ముద్దలను పరికరం గుర్తించింది. తర్వాత విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లోనే 271 మంది భోజనాలను వీడియో తీసి పోల్చినప్పుడు ఆ వాటా 75 శాతానికి తగ్గింది. ఆ 271 మందిలో ఫోర్కుతో, చెంచాతో, చాప్‌స్టిక్స్‌తో, చేత్తో తిన్నవారు అందరూ ఉన్నారు. తిండి మారితే, తినే తీరు మారితే లెక్క మారుతుందన్నది ఆ అధ్యయనం చెప్పిన అసలు విషయం.

తెలుగు భోజనం ఈ లెక్కకు గట్టి పరీక్ష. అన్నంలో పప్పు వేసి, నెయ్యి చుక్క వేసి కలిపేటప్పుడు మణికట్టు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, నోట్లోకి ఒక్క మెతుకూ పోదు. ముద్ద చేయడం, బొటనవేలితో నోట్లోకి తోయడం, కూర నంజుకోవడం, మధ్యలో మిరపకాయ కొరకడం, చారు పోసుకుని జుర్రడం, చివర పెరుగన్నం: ఒక్క పూటలో ఇన్నిరకాల కదలికలు ఉన్నప్పుడు ఫోర్కుకు కుదిరిన నియమం సరిపోదు. అంతకంటే మొదటి చిక్కు ఇంకోటి ఉంది. మనలో ఎక్కువమంది వాచీ ఎడమచేతికి పెట్టుకుంటారు, కుడిచేత్తో తింటారు. ఎడమచెయ్యి ఆ సేపంతా ఒళ్లో ఊరికే ఉంటుంది, లేకపోతే ఫోన్ పట్టుకుని ఉంటుంది. కలపడాన్నీ తినడాన్నీ వేరుచేసి చూడగల నమూనాను ఇక్కడి భోజనాలతోనే నేర్పించాలి. అమెరికా క్యాంటీన్ల దత్తాంశంతో తయారైన వాచీకి మన పళ్లెం ముందు కళ్లు కనబడవు. మన పద్ధతిలో ఒక వెసులుబాటు కూడా ఉంది. పప్పన్నం, కూర, పచ్చడి, పులుసు, పెరుగు అంటూ వరస మారినప్పుడల్లా చెయ్యి కాసేపు ఆగుతుంది. గుర్తుచేయడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

ఫోర్కుతో తినే దేశాల్లో పరికరాన్ని ఫోర్కులోనే పెట్టేశారు. ఫ్రెంచి ఇంజనీరు జాక్ లెపీన్ రూపొందించిన హ్యాపీఫోర్క్‌ను 2013 జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో చూపించారు. ఒక ముద్దకూ మరో ముద్దకూ మధ్య పది సెకన్లు గడవకముందే ఫోర్కు నోటికి చేరితే అది చేతిలో వణుకుతుంది, దీపం వెలుగుతుంది. అప్పట్లో పత్రికలు దాన్ని నవ్వులాటగానే రాశాయిగాని, దాన్ని శ్రద్ధగా పరీక్షించినవారూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో రోయెల్ హెర్మన్స్ బృందం 114 మందితో చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. ఫోర్కు వణికినవారు నెమ్మదిగా తిన్నారు. కాని వారు తిన్న పరిమాణం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, కడుపు నిండిన భావనలోనూ పెద్ద తేడా కనబడలేదు. విషయమంతా ఈ ఫలితంలోనే ఉంది. చెయ్యి ఆగింది, ఆగిన ఆ పది సెకన్లలో మనసు ఎక్కడుందో ఫోర్కుకు తెలియదు. ముద్ద రుచి మీద ఉండవచ్చు, ఎప్పుడు పది సెకన్లు అవుతాయా అన్న ఎదురుచూపు మీదా ఉండవచ్చు.

దీనికి పక్కన పెట్టి చూడవలసింది స్వీడన్‌లోని కరొలిన్‌స్కా సంస్థలో సెసీలియా బెర్గ్, పెర్ సొడెర్‌స్టెన్ తయారుచేసిన మాండోమీటర్. ఇది ఒంటిమీద పెట్టుకునేది కాదు. కంచం కింద పెట్టే త్రాసు. కంచంలో బరువు తగ్గే తీరును తెర మీద గీతగా చూపిస్తుంది. ఎలా తినాలో చూపే ఇంకో గీత పక్కనే ఉంటుంది. మధ్యమధ్య కడుపు ఎంత నిండిందో చెప్పమని అడుగుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 9 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 106 మంది ఊబకాయపు పిల్లలతో చేసిన పరీక్ష 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఏడాది తర్వాత మామూలు చికిత్స పొందినవారికంటే మాండోమీటర్ వాడినవారి బీఎంఐ ఎక్కువగా తగ్గింది, ఒక్కో పూట వడ్డించుకునే పరిమాణమూ తగ్గింది. ఫోర్కుకు రాని ఫలితం త్రాసుకు ఎందుకు వచ్చిందో ఒక్క పరీక్షతో చెప్పలేం. ఒక తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది: ఆ త్రాసు ‘నీకు ఎలా ఉంది’ అని అడుగుతుంది. జవాబు చెప్పాలంటే పిల్లవాడు ఒక్క క్షణం తన కడుపులోకి చూసుకోవాలి. వెనక ఆస్పత్రి సిబ్బంది తోడు కూడా ఉంది.

అంకెలు ఎక్కువైతే మేలు ఎక్కువవుతుందన్న నమ్మకానికి గట్టి దెబ్బ 2016లో తగిలింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాన్ జాకిసిక్ బృందం బరువు తగ్గాలనుకునే 18–35 ఏళ్లవారు 471 మందిని రెండేళ్లు గమనించింది. అందరికీ ఆహార నియమం, వ్యాయామం, సలహాలు ఇచ్చారు. ఆరునెలల తర్వాత సగంమందికి చేతికి కట్టుకునే పరికరం ఇచ్చారు. రెండేళ్ల చివర పరికరం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవారు 3.5 కిలోలే తగ్గారు. ఆ పరికరం కొలిచింది ప్రధానంగా కదలికను, ముద్దలను కాదు. కాబట్టి దాన్ని ఉన్నపళంగా ఇక్కడికి తెచ్చి అతికించకూడదు. అయినా పట్టీ కట్టగానే పని తనంతట అదే జరుగుతుందనుకోవడం ఎంత ప్రమాదమో అది చూపించింది.

ఇటీవల అంకెల మోజు రక్తంలోకి కూడా చేరింది. చేతి పైభాగాన అతికించే గ్లూకోజ్ సెన్సర్ చర్మం కిందికి సన్నటి తీగను పంపి, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్‌ను విడవకుండా కొలుస్తుంది. రక్తంలో మార్పు అందులో కనబడడానికి కొన్ని నిమిషాల జాగు ఉంటుంది. ఒక సెన్సర్ సుమారు రెండు వారాలు పనిచేస్తుంది. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగులకు ఇది వరప్రసాదమే. 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇన్సులిన్ వాడనివారు వైద్యుడి చీటీ లేకుండా కొనుక్కోగల మొదటి సెన్సర్‌కు అనుమతి ఇచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే, చర్మం గుచ్చకుండా గ్లూకోజ్ కొలుస్తామని చెప్పుకునే వాచీలనూ ఉంగరాలనూ నమ్మవద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని హెచ్చరించింది. ఆన్‌లైన్ అంగళ్లలో ఇప్పటికీ అలాంటి సరుకు దొరుకుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి చేయించి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మనం తినే కేలరీల్లో అరవై శాతానికి పైగా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అలాంటిచోట ఒకసారి రెండు వారాలు సెన్సర్ పెట్టుకుని, తెల్లన్నం కొండలా పెట్టుకుంటే గీత ఎలా లేస్తుందో, ముందు కూరలూ పప్పూ తిని అన్నం తర్వాత తింటే ఎలా వంగుతుందో కళ్లారా చూడడం మంచి పాఠమే. 2015లో న్యూయార్క్‌లో అల్పనా శుక్లా బృందం మధుమేహం ఉన్న 11 మందితో చేసిన చిన్న ప్రయోగంలో, కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిన్నప్పుడు భోజనం తర్వాతి గ్లూకోజ్ బాగా తగ్గింది. కాని మధుమేహం లేనివారు ఆ గీతలో ప్రతి వంకరకూ అర్థం వెతకడం వృథా. ఒకే మనిషికి అదే భోజనం వారం తేడాతో పెట్టి చూసిన అమెరికా పరిశోధకులకు ఒక్కోసారి ఒక్కో గీత వచ్చింది. ‘ఈ పండు నీకు పడదు’ అని ఒక్క కొలతతో తేల్చే యాప్ సోదె చెబుతోంది.

ఇంకో ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. లెక్కపెట్టడం అలవాటైనవారిలో కొందరికి తిండి అంటేనే భయం పట్టుకుంటుంది. కేలరీల యాప్‌లు తమ జబ్బును పెంచాయని ఆహార సంబంధ మానసిక రుగ్మతలున్నవారు చెప్పినట్టు అధ్యయనాలు నమోదు చేశాయి. కౌమారంలో ఉన్న పిల్లలకు ముద్దలు లెక్కపెట్టే వాచీని కానుకగా ఇవ్వడం అందుకే తగని పని. కొన్నాళ్లు తిండి మానేసి ఒళ్లు తగ్గించుకుంటున్న పిల్లను పరికరం మెచ్చుకుంటుంది. అమ్మ అయితే కంగారుపడుతుంది. దత్తాంశం సంగతీ ఉంది. ఎవరు ఏ వేళకు ఏం తిన్నారు, ఎన్నిసార్లు తిన్నారు, ఎవరికి చక్కెర పెరిగింది అన్నవి బీమా కంపెనీలకూ తినుబండారాల వ్యాపారులకూ విలువైన సమాచారం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం సమ్మతి తప్పనిసరి అంటుంది. యాప్ తెరవగానే చదవకుండా నొక్కే ‘అంగీకరిస్తున్నాను’ బొత్తాంలో ఆ సమ్మతి ఎంత పలచనో అందరికీ తెలిసిందే.

పరికరానికి అందనిది కంచం చుట్టూ ఉండే మనుషుల సంగతి కూడా. మన ఇళ్లలో ఎక్కువ తినడానికి తొందర ఒక్కటే కారణం కాదు. కొసరి కొసరి వడ్డించే చెయ్యి, వద్దంటే చిన్నబుచ్చుకునే అత్తయ్య, పారేయకూడదని చివర మిగిలింది తినేసే ఇల్లాలు, ఆఫీసులో పుట్టినరోజు కేకు: వీటిలో ఏదీ గైరోస్కోపులో నమోదు కాదు. ఇల్లాలు అందరికీ వడ్డించి, చివర నిలబడే నాలుగు ముద్దలు తినేస్తుంటే ఆమె వాచీ ‘నెమ్మదిగా తినండి’ అని వణకడం దాదాపు ఎగతాళి. ఆమెకు కావలసింది కూర్చోవడానికి ఇరవై నిమిషాలు.

ఈ హద్దులన్నీ ఒప్పుకున్నాక పరికరానికి మిగిలే పని చిన్నదే, అయినా పనికిరానిది కాదు. భోజనం మొదలైందని గుర్తించి ఒక్కసారి మెల్లగా తట్టాలి, పది నిమిషాలకు ‘ఆకలి ఇంకా ఉందా’ అని అడగాలి, ఆపైన ఊరుకోవాలి. తెర వెలగకూడదు, ఎందుకంటే తెర వెలిగితే చూపు కంచం నుంచి మణికట్టుకు పోతుంది, అక్కడి నుంచి వాట్సాప్‌కు పోతుంది. ప్రతి ముద్దకూ వణికే పరికరానికి మనిషి నాలుగు రోజుల్లో అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. అందుకని ఆ తట్టడం కూడా రోజూ ఒకేలా ఉండకుండా, అవసరం ఎక్కువగా ఉన్న పూటలకే దాచుకోవాలి: చాలామందికి అది రాత్రి భోజనం, సాయంత్రం టీతో పాటు వచ్చే చిరుతిండి. ఎంత తినాలి, ఏం తినాలి అన్నదానికి వాచీని అడగనక్కర్లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు, 528 ఆహారాల పోషకాల లెక్కలతో 2017లో వెలువరించిన పట్టికలు ఉన్నాయి.

వాడే కాలం కూడా ముందే అనుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి, తీసేసి, నెల తర్వాత ఒక వారం మళ్లీ పెట్టుకుని చూస్తే అలవాటు నిలిచిందో లేదో తెలుస్తుంది. తీసేయగానే పాత వేగం వచ్చేస్తే, నేర్చుకున్నది పరికరమే గాని మనిషి కాదు; అప్పుడు వేళ మార్చడం, టీవీ కట్టేయడం, నమలవలసిన తిండి పెంచడం లాంటి వేరే దారులు చూడాలి. ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఈ గడువు వర్తించదు. వారి గ్లూకోజ్ సెన్సర్ ధ్యాస నేర్పడానికి పెట్టింది కాదు, చక్కెర ప్రమాదకరంగా పడిపోకుండా కాపలా కాయడానికి పెట్టింది; దాన్ని తీయాలో ఉంచాలో చెప్పవలసింది వైద్యుడు.